ఆటలో చచ్చినవాడికి బట్ట కప్పరాదు

ఉప్పలమ్మ ఒక చోట కుదురుగా కూర్చోగా నేను ఒక్కసారే చూశాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు నా మద్దెల చిరిగిన సంగతి చెప్పాలి. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. మధ్యలో నోరు జారితే ఏమీ అనుకోకండి.

నా పేరు అప్పయ్య. మాది చర్ల. మా బావ ముసలయ్య భాగోతం మేళానికి పెద్ద, నేను మద్దెల వాయించేవాణ్ని. బస్తర్ ఇంకా రాజుగారి రాజ్యంగా ఉన్న రోజులవి. ఎండాకాలంలో ఇప్పపువ్వు ఏరడం అయిపోయాక, వానలు పడేదాకా, సరిహద్దు అవతలి పల్లెల్లో జనానికి కాస్త తీరిక దొరికేది. ఆ నెలలో మేం పామేడు వైపు వెళ్లి ఊరూరా ఆటలాడి, వాళ్లిచ్చిన వడ్లూ చింతపండూ మోసుకుని వచ్చేవాళ్లం. అక్కడ పులి భయం. అందుకని ఆట పొద్దు వాలుతుండగా మొదలుపెట్టి చీకటి పడకముందే ముగించేవాళ్లం. ఆ ఎండలో ముఖాన రంగు పూసుకుని గంతులేయడం ఎంత సుఖంగా ఉంటుందో మీరే ఊహించుకోండి. రంగు కరిగి నోట్లోకి కారేది.

ఆ వైపు మేం ఎక్కువగా ఆడేది చిన్నరాజు ఆట. మా మేళం వాళ్లే కట్టుకున్న కథ. ఒక రాణికి ఒక్కడే కొడుకు. శత్రువుల కోటలోకి ఒంటరిగా వెళ్తాడు, వాళ్లు చంపి కోట ముందు పడేస్తారు. తల్లి వెతుక్కుంటూ వచ్చి శవం మీద పడి ఏడుస్తుంది. ఆ ఏడుపే ఆటకు ప్రాణం. రాణి వేషం మా బావది. ఇంట్లో మా అక్క జ్వరంతో మూలుగుతున్నా తల తిప్పి చూడని మనిషి, చీర కట్టుకున్నాడంటే చూసేవాళ్ల కడుపు తరుక్కుపోవాల్సిందే. చిన్నరాజు వేషం రామనర్సయ్యది. కథలో చిన్నరాజుకు పద్దెనిమిదేళ్లు. రామనర్సయ్యకు నలభై, పైగా బొజ్జ. అయినా పడి చావడంలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల లేడు. సారా కనిపిస్తే మాత్రం ఆగలేడు, అదొక్కటే అతనిలో లోపం.

పామేడు దాటాక వాగు ఒడ్డున దొర్లోళ్లనే అడవి జనం పల్లె ఒకటి ఉంది. మేం అక్కడ మొదటిసారి ఆడినప్పుడే జరిగింది ఈ గొడవంతా. చిన్నరాజు పడ్డాడు. నేను మద్దెల ఆపాను. రాణి వచ్చేముందు కాసేపు చప్పుడు ఉండకూడదు, అది మా పద్ధతి. ఆ కాసేపట్లో జనమంతా గుట్టుచప్పుడు కాకుండా లేచి ఇళ్లకు పోయారు. ఆట నచ్చలేదు కాబోలని మేం మొహమొహాలు చూసుకుంటున్నాం. ఇంతలో ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, చేతిలో తలా ఒక బట్టతో. వరసగా వచ్చి రామనర్సయ్య మీద కప్పడం మొదలుపెట్టారు.

వాళ్ల ఆచారం అది. ఊళ్లో ఎవరు పోయినా ఇంటికో బట్ట తెచ్చి శవం మీద కప్పాలి, నోట్లో చుక్క ఇప్పసారా పోయాలి, ఆ తర్వాత వాగులో మునిగి ఇంటికి పోవాలి. పోయినవాడు పరాయివాడైనా సరే, ఊరి పొలిమేరలో పోయాడంటే ఊరి మనిషే. బట్ట లేకుండా పోయినవాడు అవతల చలికి వణుకుతూ తిరుగుతాడని వాళ్ల భయం. నాకు ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, ఆ ఎండలో తొమ్మిది బట్టల కింద రామనర్సయ్య ఉడికిపోతున్నాడని.

అయినా పాపం కదల్లేదు. బట్టల వరకు కదల్లేదు. ఊరి పెద్ద లచ్చు ఆకు దొప్పలో సారా తెచ్చి అతని నోట్లో ఒక చుక్క పోశాడు. చచ్చిన రామనర్సయ్య గుటక వేశాడు. వేసినవాడు ఊరుకోవచ్చు కదా! పెదాలు నాకి, ఇంకో చుక్క కోసం నోరు తెరిచాడు.

నవ్వకండి. శవం సారా అడిగితే మీరైతే అక్కడ నిలబడతారా? ఊరంతా ఒక్క అరుపు అరిచి పరుగు తీసింది. ఒక ముసలాయన కాలు మడతపడింది. నా మద్దెల మీదుగా ఎంతమంది పోయారో లెక్కలేదు, మేకతోలు నిట్టనిలువునా చిరిగింది. మా నాన్న చేతి మద్దెల అది. మా బావ చీరలోనే నిలబడి, మళ్లీ ఆ ఊరి ముఖం చూడనని ఒట్టుపెట్టుకున్నాడు. రెండు వేసవులు ఆ వైపు వెళ్లలేదు.

మూడో వేసవి మొదట్లో, మిట్టమధ్యాహ్నం, ఒక నడివయసు ఆడమనిషి మా వాకిట్లోకి వచ్చింది. సన్నగా, ఎముకలు లెక్కపెట్టేట్టుగా ఉంది. ఆ పల్లె నుంచి ఒంటరిగా నడిచి వచ్చిందట. కూర్చోమంటే కూర్చోలేదు. చెంబుతో నీళ్లిస్తే అటూ ఇటూ నడుస్తూనే తాగింది. తనే ఉప్పలమ్మనని, పుట్టిల్లు చర్ల పక్కనేనని, దొర్లోళ్ల ఇంటికి కోడలిగా వెళ్లానని నడుస్తూనే చెప్పింది. ఆ నడకకు నాకే తల తిరిగింది. ఈసారి వచ్చి ఆడమని ఆమె అడిగింది.

“మీ ఊరోళ్లు చచ్చినోన్ని చావనియ్యరు, అక్కా. మేం రాం,” అన్నాడు మా బావ.

“నాకు ఐదు దినాలియ్యి అన్నా. ఆట ఎట్ల చూడాల్నో వాళ్లకు నేను నేర్పుత.”

“నీకెందుకింత పట్టుదల?”

“సగంల ఆగింది గద. ఆ తల్లి వచ్చేది నేను చూడలే.”

ఆ మాట అనేటప్పుడు మాత్రం నడక ఆపింది. మా బావ ఒక షరతు పెట్టాడు. ఐదు రోజులు పాఠం చెప్పుకోవచ్చు. ఆరో రోజు ఆట. ఒక్క మనిషి లేచి వచ్చినా, ఒక్క బట్ట కప్పినా, ఇక ఈ జన్మలో ఆ పొలిమేర తొక్కేది లేదు. ఆమె సరేనని, ఎండ తగ్గేదాకా కూడా ఆగకుండా వెళ్లిపోయింది. మా అక్క లోపలి నుంచి వచ్చి, ఆ మనిషి కొడుకు సంగతి తెలియదా మీకని మమ్మల్ని కోప్పడింది.

కొడుకు పేరు భీమా. మొగుడు చిన్నతనంలోనే పోతే కూలి చేసి పెంచుకుంది. ఐదేళ్ల క్రితం, రాళ్లు పరీక్షించే తెల్లదొర ఒకడు బైలాడిల్లా కొండలెక్కుతుంటే సామాన్లు మోయడానికి ఆ ఊరి నుంచి నలుగురిని వెట్టికి పట్టుకుపోయారు. ముగ్గురు తిరిగొచ్చారు. కొండ మీద భీమాకు జ్వరం తగిలి నడవలేకపోతే ఒక బండ నీడన వదిలి వీళ్లను ముందుకు తోలారట. తిరుగు దారిలో చూస్తే బండ కింద ఎవరూ లేరట. ఊరివాళ్లు ఏడాది ఆగి, గడ్డితో మనిషి బొమ్మ చేసి దాని మీదైనా బట్టలు కప్పుదామన్నారు. ఉప్పలమ్మ ఆ గడ్డిబొమ్మను వాగులోకి విసిరికొట్టింది. శవాన్ని చూపిస్తే కప్పుతాను, లేదంటే నా కొడుకు బతికే ఉన్నాడని అందట. అప్పటి నుంచి ఆమె కాలు ఒక చోట నిలవదు. ఏ బాటసారి కనిపించినా ఎదురెళ్లి కొండ సంగతి అడుగుతుంది. చలికాలం వస్తే ఇక నిద్రే లేదట.

ఆ సంగతి తెలిశాక మా బావ షరతు వెనక్కి తీసుకుంటాడనుకున్నాను. తీసుకోలేదు. మేళం పెద్ద మాట మాటే.

మేం వెళ్లేసరికి ఆమె ఊరి బయట ఆకుల పందిరి వేయించి ఉంచింది. రోజూ మధ్యాహ్నం పాఠం, పెద్దవాళ్లకు మాత్రమే. పిల్లలెందుకు వద్దని అడిగితే, వాళ్లకు చెప్పక్కర్లేదు, రోజుకు పదిసార్లు చచ్చి లేస్తారు, తెలియంది పెద్దోళ్లకే అంది. ముప్పై మంది దాకా వచ్చారు. ఉప్పలమ్మ వాళ్ల దొర్లి భాషలో చెబుతూ పందిరి ఈ గుంజ నుంచి ఆ గుంజకు కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, ముప్పై తలలూ ఆమెతో పాటే తిరిగేవి. నాకు దొర్లి సగం సగం వచ్చు. మిగతా సగం వాళ్ల ముఖాలు చూసి తెలుసుకున్నాను.

మొదటి రోజు రామనర్సయ్యను అందరి ముందూ కూర్చోబెట్టి రంగు పూయమంది. నాకు కోపం వచ్చింది. రంగు పూసుకునేది తెర వెనక, అది ఎవరూ చూడకూడదు, మా తాతల నాటి నుంచీ అంతే. ఆమె చెవిన వేసుకోలేదు. బొజ్జ రామనర్సయ్య వాళ్ల కళ్ల ముందే చిన్నరాజు అయ్యాడు, వాళ్ల కళ్ల ముందే నూనె రుద్దుకుని మళ్లీ బొజ్జ రామనర్సయ్య అయ్యాడు. రెండో రోజు కిరీటం చేతికిచ్చింది. అది పొణికి చెక్కతో చేసింది, పిట్టంత బరువు కూడా ఉండదు. బంగారమని నమ్మిన లచ్చు దాన్ని చేతిలో ఎగరేసి చూసి, మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశాడు. మూడో రోజు చావు. రామనర్సయ్య పదిసార్లు పడ్డాడు, పదిసార్లు లేచాడు. పడిన ప్రతిసారీ ఆమె అతని పొట్ట మీద ఎండుటాకు పెట్టి, ఊపిరికి అది కదలడం చూపించింది. తర్వాత వాళ్లను ఒక్కొక్కరినీ చావమంది. లచ్చు అందరికంటే బాగా చచ్చాడు. ఎంత బాగా అంటే, గురక వినిపించేదాకా ఎవరూ లేపలేదు.

అబద్ధమెందుకు, నాకూ సరదాగానే ఉంది. మద్దెల పగ కాస్త చల్లారింది. ఆమెను చూస్తేనే మనసు నిలిచేది కాదు. రోజులు గడిచేకొద్దీ నడక వేగం పెరిగింది. తిండి తింటున్నట్టు కూడా లేదు. ఆ షరతు ఆమెను లోపల తినేస్తోందని నేననుకున్నాను.

నాలుగో రోజు ఆయతి లేచింది. ఆ మొదటి ఆటలో రామనర్సయ్య మీద తొలి బట్ట కప్పింది ఈ ముసలమ్మే. అన్నీ విన్నాను, ఒక్కటి అర్థం కాలేదంది. వాడు చావలేదని తెలిశాక ఆ తల్లి ఏడుపు కూడా అబద్ధమే కదా, అబద్ధపు ఏడుపు చూడటానికి ఇంతమందిమి ఎండలో ఎందుకు కూర్చోవాలని అడిగింది.

ఉప్పలమ్మ గుంజ పట్టుకుని నిలబడింది. మేమూ చెవులు రిక్కించాం, ఇన్నేళ్లుగా ఆడుతున్నాం, మాకూ తెలిస్తే బాగుండునని. రేపు చెబుతానని ఆ రోజుకు పాఠం ముగించేసింది. మర్నాడు ఆ ఊసే ఎత్తలేదు. ఐదో రోజంతా ఒకే మాట, వంద సార్లు అప్పచెప్పించింది. ఆటలో చచ్చినవాడికి బట్ట కప్పరాదు.

ఆట రోజు ఇంకో జాగ్రత్త తీసుకుంది. వచ్చిన ప్రతి ఒక్కరి నడుమూ తడిమింది. అయ్యో రామ, ఐదు రోజుల పాఠం విన్నవాళ్లు తొమ్మిదిమంది మడతపెట్టిన బట్ట దాచుకుని వచ్చారు! లచ్చు దగ్గర సారా నింపిన సొరకాయ బుర్ర కూడా దొరికింది. ఎందుకైనా మంచిదని తెచ్చామని గొణిగారు. అన్నీ లాక్కుని, కొత్త తోలు వేయించిన నా మద్దెల పక్కన కుప్ప పెట్టింది. అయితే అందరికంటే ముందు తన కొంగు లోపలి నుంచి ఒక బట్ట తీసి అడుగున పెట్టడం నేను చూశాను. ఎర్ర అంచు నేతబట్ట, మడత విప్పని కొత్తది. పాఠం చెప్పే మనిషి తనే తేవడం ఏమిటని నవ్వుకున్నాను. నా బుర్రకు అంతకు మించి తోచలేదు.

ఆట మొదలైంది. ఉప్పలమ్మ జనం వెనక నిలబడి, ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంది. చిన్నరాజు కోటలోకి వెళ్లాడు, నలుగురు చుట్టుముట్టారు, పడ్డాడు. నేను మద్దెల ఆపాను. నా గుండె మాత్రం ఆగలేదు, ఎవరు లేస్తారోనని అందరి మోకాళ్లూ చూస్తున్నాను. ఆయతి పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. లచ్చు రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఒక్కరు కదిలితే ఒట్టు.

రాణి వచ్చింది. మా బావ ఆ రోజు ఎన్నడూ లేనంత నెమ్మదిగా నడిచాడు. కొడుకు పక్కన కూలబడి, తల ఒళ్లోకి తీసుకుని, మొదటి శోకం ఎత్తుకున్నాడు. కొండకు పోయేటప్పుడు నువ్వు నాతో ఒక్క మాట చెప్పలేదేమి కొడకా అని ఉంటుంది అందులో. కొండ కాదు, కోట. మా పాటలో ఉన్నది కోట. ఆ రోజు బావ కొండ అన్నాడు. కావాలని అన్నాడో, నోరు తిరిగి అన్నాడో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

వెనక నడక ఆగింది. ఉప్పలమ్మ జనం మధ్య నుంచి వచ్చింది. నా పక్కన వంగి, కుప్పను రెండు చేతులతో తోసి, అడుగునున్న ఎర్ర అంచు బట్ట లాగింది. ముప్పై మందీ నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. ఆయతి సగం లేచింది. ఉప్పలమ్మ వెనక్కి తిరిగి, “మీరు లేవకుండ్రి. పాఠం తప్పింది నేనొక్కదాన్నే,” అని మొదట దొర్లిలో, తర్వాత మా బావ వైపు చూసి తెలుగులో చెప్పింది. షరతు ఆమెకు గుర్తుంది. తప్పు తన ఒక్కదాని మీదే వేసుకోవాలని చూసింది.

బట్ట మడత విప్పి రామనర్సయ్యకు మెడ దాకా కప్పింది. పాదాలు బయటికి కనిపిస్తుంటే కిందికి లాగి వాటినీ కప్పింది. అప్పుడు కూర్చుంది. కాళ్లు చాపుకుని, నేల మీద చతికిలబడి కూర్చుంది.

“ఇన్నేండ్లు చలికి ఉంచిన గదరా నిన్ను, భీమా,” అంది.

నాకు ఏడుపు ఆగలేదు. దాచడమెందుకు, మద్దెల మీద తలపెట్టి ఏడ్చాను. మా బావ శోకం ఎప్పుడో ఆగిపోయింది. ఒళ్లో ఉన్న తలను మెల్లగా ఎత్తి ఉప్పలమ్మ ఒళ్లో పెట్టి, పక్కకు జరిగాడు. తన రాణి వేషం పైబట్ట తీసి ఆ ఎర్ర అంచు బట్ట మీద పరిచాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

“కూసున్నరేంది? లేచి రాండ్రి. మన ఊరి పిల్లగాడు,” అన్నాడు.

ఆయతి ముందు వచ్చింది. తర్వాత అందరూ. నా పక్కనున్న కుప్ప ఒక్కో బట్టే తగ్గిపోయింది. బట్ట తేనివాళ్లు ఊళ్లోకి పరుగెత్తి తెచ్చారు. ఆ ఊళ్లో శవం ముందు వాయించే దరువు ఒకటుంది, ఒక దెబ్బా, ఆగడం, మళ్లీ ఒక దెబ్బా. నా చేతులు అదే వాయించాయి. కొండకు వెళ్లి తిరిగొచ్చిన ముగ్గురూ చివర వచ్చారు, ఆమె ముఖం చూడలేక కాళ్ల వైపు నుంచి కప్పి వెళ్లారు. ఇరవై ఏడు బట్టలు. అంత ఎండలో వాటి కింద రామనర్సయ్య ఆకు కదిలినంత కూడా కదల్లేదు.

ఆఖరున లచ్చు సారా బుర్ర తీసుకొచ్చాడు. నాకు పై ప్రాణం పైనే పోయింది. ఈ రామనర్సయ్య సంగతి నాకు తెలుసు, పొద్దుట్నుంచి నాలుక తడవని మనిషి. లచ్చు వంగి అతని పెదాల మధ్య ఒక చుక్క పోశాడు. మనసు ఆగక ఇంకో చుక్క పోశాడు. నోటి చివర నుంచి బయటికి వచ్చిన సారా చెంప మీదుగా కారి చెవిలోకి దిగింది. గొంతు కదల్లేదు.

ఆ సాయంత్రం చీకటి పడకముందే ఊరంతా వాగులో మునిగింది. ముఖాన రంగుతోనే మేమూ మునిగాం. రామనర్సయ్య అందరికంటే ఆలస్యంగా వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా చెవి కడుక్కున్నాడు.